బైటూ

బిన్నీ మిల్లు సైరన్ మోగే రోజుల్లో
మా కబడ్డీ జట్టులో ముగ్గురు చెంగల్రాయుళ్ళు.
తప్పెవరిదీ కాదు.
చిత్తూరు వైపు నుంచి బతకడానికొచ్చిన అవ్వలందరూ
తిరుత్తణి కొండకే మొక్కుకున్నారు,
ఆయన అందరికీ ఒకే పేరిచ్చి పంపాడు.

స్కోరు పుస్తకం నా చేతిలో ఉండేది,
కాటన్‌పేట సేటు కొట్లో కొన్న పద్దుల పుస్తకం.
చె. (మిల్లు), చె. (పాలు), చె. (పొట్టి) అని
పేరు పక్కన చిన్న గూళ్ళు కట్టి
ఒక్కొక్కణ్ణి ఒక్కో గూట్లో కూర్చోబెట్టేవాణ్ణి.
"నా బ్రాకెట్లు లేకపోతే మీరెవర్రా" అని నవ్వేవాణ్ణి.

పొట్టివాడు తొందరగానే ఆట మానేశాడు.
కెంగేరి వైపు ఆటో నడుపుకుంటూ
తన వంతు పేరు తను పట్టుకుపోయాడు.
మిగిలింది ఇద్దరు.

ఇప్పుడు మిల్లు స్థలంలో అద్దాల మేడలు.
ఆదివారం పొద్దున శెట్టి హోటల్ ముందు నిలబడి
బైటూ కాఫీ తాగుతూ మేమాడే ఆట ఒకటుంది.
ప్రశ్న నేనేస్తాను. చెప్పినవాడు డబ్బులియ్యక్కర్లేదు.
వేలు విరిగినా కూత ఆపని చెంగల్రాయుడెవరు?
మైసూరులో నిక్కరు చిరిగి
రెఫరీ తువ్వాలు చుట్టుకుని ఆడిందెవరు?
ఎనభై ఏడు ఫైనల్లో, ఆఖరి కూతలో
నలుగుర్ని తాకి వచ్చిందెవరు?
ఈ మూడోది పసిపిల్లలు కూడా చెబుతారు, మిల్లువాడని.
వాడు పక్కనే ఉంటాడు,
గ్లాసులోకి చూస్తూ, అవుననడు కాదనడు.
వాడి కాఫీకి ఎవరో ఒకరు ఇచ్చేస్తారు.

మనవడి ఆఫీసులో ఐర్లాండు నుంచి వచ్చినాయన ఉన్నాడట.
వాళ్ళ ఊళ్ళో కర్రలతో బంతి కొట్టే ఆటలో
ఒకే పేరువాళ్ళు ఇద్దరుంటే
నాన్న పేరు తగిలిస్తారట, అదీ కలిస్తే తాత పేరు.
మీవాళ్ళేం చేసేవాళ్ళని అడిగించాడు.
పాలు, మిల్లు అని చెప్పమన్నాను.
మావాళ్ళ తాతలూ చెంగల్రాయుళ్ళే మరి.

పోయిన ఆషాఢం, ఒక మంగళవారం
"కబడ్డీ చెంగల్రాయుడు పోయాడు" అని ఫోను.
పూలదండ పట్టుకుని పదకొండుమందిమి
మిల్లువాడి ఇంటికెళ్ళాం.
సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో
తలుపు తీసింది వాడే.
దండ వైపు చూశాడు. మా మొహాలు చూశాడు.
"అయితే పాలవాడన్నమాట" అన్నాడు.
మొహం తుడుచుకుని చొక్కా తొడుక్కున్నాడు.

మాగడి రోడ్డు సిగ్నల్ దగ్గర
బస్సుల హారన్ల మధ్య చెప్పాడు:
"ఎనభై ఏడుది వాడి కూత.
నేనప్పటికే అవుటై గీత బయట కూర్చున్నా.
పేపర్లో ఉత్త పేరే వేశారు.
మా ఆవిడ కత్తిరించి పటం కట్టించింది.
వాడికి చెప్పాను. ఉండనీలేరా,
పేరొకటే గదా అన్నాడు."

నేనేమీ అనలేదు.
ఆ రాత్రి అటక మీంచి పుస్తకం దించాను.
ఆఖరి కూత. నాలుగు పాయింట్లు. చె.
ఆ ఒక్కచోట గూడు కట్టలేదు.
గెలిచిన సంబరంలో నేనూ లేచి గంతులేసినట్టున్నాను.
పెన్ను తీశాను.
ముప్పై ఏడేళ్ళ కాగితం, సిరా పీల్చేసింది.
ఒకవైపు బ్రాకెట్టు నల్లగా అలుక్కుపోయింది,
రెండోది గీయబుద్ధి కాలేదు.

ఆదివారం వాడొచ్చాడు, నున్నగా గడ్డం గీసుకుని.
నేను ప్రశ్న వెయ్యలేదు.
వాడే లోపలికి కేకేశాడు, "బైటూ" అని.
రెండు గ్లాసులొచ్చాయి. ఒకటి తాగాడు.
రెండోది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు.
ఎవరో జేబులో చెయ్యి పెట్టబోతే ఆపి
డబ్బులు తనే ఇచ్చాడు.